ఎర్ర బకెట్టు ఎదురు

ఉప్పు వెయ్యకుండా కోడి ముక్క ఉడకబెట్టడంలో వంట ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మా కోనసీమలో జ్వరం పడి లేచినవాడికి కూడా పథ్యం కూరలో చిటికెడు ఉప్పూ నాలుగు మిరియాలూ వేస్తాం. ఇక్కడ మాత్రం, దేశమంతా పేరు చెప్పుకునే ఆటగాడికి మ్యాచ్ ఉన్న ప్రతి మధ్యాహ్నం నేను వండిపెట్టింది ఆ చప్పిడి కోడే. దాంట్లో కారం పడకూడదు, నిమ్మకాయ తగలకూడదు, ప్లేటు తెల్లదే కావాలి. అంచు పగిలిందని ఆ ప్లేటును మామా ఒకసారి పారేస్తే, చెత్తడబ్బాలో చెయ్యిపెట్టి వెతికి తీసింది నేనే.

మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేసే మేమంతా యజమానురాలిని అలాగే పిలుస్తాం. ఆటగాడు ఆవిడ పెద్దకొడుకు. హవల్లీకి దగ్గర్లో ఉన్న వాళ్ళింటికి నేను వంటమనిషిగా వచ్చేసరికి అతనికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. ఇప్పుడు గడ్డంలో తెల్ల వెంట్రుకలు వచ్చాయి. అతని బాస్కెట్‌బాల్ గురించి పేపర్లవాళ్ళూ టీవీవాళ్ళూ చాలానే చెప్పారు. వంటగది కిటికీలోంచి కనిపించిన ఆట సంగతి ఎవరూ నన్ను అడగలేదు గనక నేనే రాస్తున్నాను. వాళ్ళతో నాది వంటింటి అరబ్బీ. వాళ్ళన్నవీ నేనన్నవీ ఇక్కడ తెలుగులోనే రాస్తాను. నావి మా గోదావరి యాసలో ఉంటాయి, ఏమీ అనుకోకండి.

గేటు లోపల సిమెంటు వాకిలి. దాన్ని వాళ్ళు హోష్ అంటారు. ఒక పక్క గోడకి ఇనప రింగు, దానికి ఎదురుగా నేను బట్టలారేసే తీగె. రెంటికీ ఉన్న చోటు అదొక్కటే. బడి నుంచి వస్తూనే సంచీ విసిరేసి బంతి అందుకునేవాడు. రింగులో పడిన బంతితో నాకు పేచీ లేదు. తప్పిపోయిన బంతి తిన్నగా వచ్చి నా తడిబట్టల మీద పడేది. వాళ్ళ నాన్న తొడుక్కునే తెల్లటి పొడుగు దిష్‌దాషా మీద గుండ్రంగా మట్టి మచ్చ, మళ్ళీ ఉతుకుడు. "పడేత్తే లోపల పడేయ్, లేపోతే ఆడ్డం మానేయ్" అని కిటికీలోంచి అరిచేదాన్ని. ఏళ్ళ తర్వాత ఎవరో విలేఖరి, ఇంత గురి ఎలా కుదిరిందని అడిగితే, మా వంటావిడ తిట్లకి భయపడి కుదిరిందని చెప్పాడట. అందరూ పగలబడి నవ్వారట. నవ్వడానికేం, ఉతికింది నేను.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. బంతి వదిలాక ఆ పిల్లాడు చెయ్యి దించేవాడు కాదు. చెయ్యి పైనే ఉండేది, మణికట్టు వంగి, వేళ్ళు కిందికి వాలి, అవతల ఉన్నవాళ్ళని ఇలా రమ్మని పిలుస్తున్నట్టు. బంతి రింగులో పడేదాకా అలాగే నిలబడేవాడు. ఉల్లిపాయలు తరుగుతూ ఆ చెయ్యి చూస్తూ నేను ఒకటి రెండుసార్లు వేలు కోసుకున్నాను. అందుకూ అతన్నే తిట్టాను.

వాళ్ళ నాన్నకి కొడుకు చమురు కంపెనీలో ఇంజనీరు కావాలని ఉండేది. కొడుకు క్లబ్బు పిల్లల జట్టులో చేరాడు, ఆ మీదట పెద్దల జట్టులోకి ఎక్కాడు. మూడు పాయింట్ల గీతకి బాగా అవతల, వేరేవాళ్ళు బంతి విసరడానికి కూడా జంకే చోటు నుంచి వేసేవాడు. దేశం తరఫున ఆడాడు. పక్క దేశం క్లబ్బువాళ్ళు జీతమిచ్చి పట్టుకుపోయారు, కొన్నేళ్ళు అక్కడ ఆడి తిరిగొచ్చాడు. షర్క్ అనే పేటలో ఉన్న చేపల మార్కెట్‌కి మామాతో వెళ్తే, ఫలానా ఆటగాడి తల్లి అని చందువ చేపల దగ్గర జనం దారి ఇచ్చేవాళ్ళు. ఇంట్లో మాత్రం పేరు పెరిగేకొద్దీ చాదస్తం పెరిగింది. ఎడమకాలి మేజోడు ముందు తొడగాలి. మ్యాచ్ రోజు లోపల వేసుకునే బనీను చంకలో చిరిగిపోయినా అదే కావాలి. దాన్ని మిషన్‌లో వెయ్యకూడదు, నేను చేత్తో పిండాలి. బంతికి ఎవరి కాలూ తగలకూడదు. "ఇవాళ ఎవరితో?" అని అడగకూడదు. గెలుస్తావులే అని అసలే అనకూడదు. ఒకసారి పొరపాటున అన్నానని ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. అంత ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, మేజోడు తారుమారైతే మెట్ల మీద కూర్చుని రెండూ విప్పి మళ్ళీ తొడుక్కునేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

నేను నవ్వాల్సిన మనిషిని కాదు, ఆ సంగతీ చెప్పాలి. ఇలాంటివి పట్టుకుని వేలాడే ఊళ్ళోంచే నేనూ వచ్చాను.

మా ఆయన జ్వరంతో పోయేటప్పటికి మా అబ్బాయి ఇంకా బడికి కూడా వెళ్ళడం లేదు. ఆ తర్వాత మా ఇంట్లోంచి ఎవరు ఏ మంచి పనికి బయల్దేరినా, అత్తగారు వీధిగుమ్మంలో నిలబడి వెనక్కి తిరిగి చూసేవారు. కోప్పడేవారు కాదు. "నువ్వు కాస్త పెరట్లోకెల్లమ్మా" అనేవారు, పొయ్యి మీద పాలు చూడమన్నంత మామూలుగా. మొగుడు పోయిన ఆడది ఎదురొస్తే పని చెడుతుందని మా వైపు నమ్మకం. మరిది పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు నేను పెరట్లో ఉన్నాను. కువైట్ నుంచి సెలవుకి వెళ్ళిన ఏడాది, నా కొడుకు పదో తరగతి పరీక్షలకి వెళ్తుంటే, ఎవరూ చెప్పకముందే నేనే పెరట్లోకి వెళ్ళిపోయాను. కొట్టం పక్కన నిలబడి సైకిలు బెల్లు వినపడేదాకా ఆగాను. అదీ నా అలవాటు.

ఆ అలవాటు విమానమెక్కి నాతోపాటే ఇక్కడికీ వచ్చింది. కుర్రాడు ఆటకి బయల్దేరే అలికిడి కాగానే నేను వంటగది తలుపు చాటుకి జరిగిపోయేదాన్ని. ఇంట్లో ఎవరికీ అది తెలియదు, చెప్పాల్సిన పనీ లేకపోయింది. డ్రైవర్ ఒక్కడే పసిగట్టాడు. ఆయనది రాయచోటి, నాకన్నా పెద్దవాడు, నేను భాయ్ అనేదాన్ని.

"ఏమ్మా, ఆ పిల్లోడు బయటికి వస్తానే నువ్వు యాడికో పోతావు?" అని అడిగాడొకసారి.

చెప్పాను. ఆయన మా ఊళ్ళ సంగతులు ఎరిగినవాడే, ఆశ్చర్యపోలేదు.

"మీ ఊరి కట్టు మీ ఊళ్ళోనే ఇడిచిపెట్టి రావాల్సింది మ్మా. ఇక్కడ ఎవురికి తెలుసు?" అన్నాడు.

"ఎవరికీ తెలీకపోతే, నాకు తెలీదా భాయ్?" అన్నాను.

అలా చాలాకాలం బాగానే జరిగింది. ఒకరోజు కొంప మునిగింది. ముందురోజు దుమ్ముగాలి వీచి గేటు ముందరంతా పసుపుపచ్చగా మట్టి పేరుకుంది. సాయంత్రం మ్యాచ్ అని తెలుసు, అతను బయల్దేరడానికి ఇంకా చాలా టైముందనుకుని బయటికి వెళ్ళి కడిగేశాను. ఎర్ర ప్లాస్టిక్ బకెట్టులో చివరి నీళ్ళు గుమ్మరించి, జుట్టుముడి ఊడిపోయి, ఖాళీ బకెట్టు ఊపుకుంటూ గేటులోకి అడుగుపెట్టానో లేదో, భుజాన సంచీతో అతను ఎదురుగా వచ్చాడు. ఇద్దరం గుద్దుకోబోయాం.

మా ఊళ్ళో అయితే, విధవ ఎదురు ఒక కీడు, ఖాళీ కుండ ఎదురు ఇంకో కీడు. రెండూ కలిపి, జుట్టు విరబోసుకుని మరీ, ఆ పిల్లాడికి ఎదురెళ్ళాను. అతను "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ పక్కనుంచి దూరి కారెక్కి వెళ్ళిపోయాడు. ఇక నాకు చెయ్యి ఆడలేదు. అన్నం ముద్దయింది. ఫలితం వినడం ఇష్టం లేక టీవీ ఉన్న గదివైపే పోలేదు.

డ్రైవర్ వచ్చి వంటగది కిటికీ దగ్గర నిలబడ్డాడు. "ఏం సెప్పేది మ్మా! ఈ పొద్దు ఆ పిల్లోడు ఆడిన ఆట నా జన్మలో సూళ్ళేదు. ఏసిందల్లా లోపలే. ఎదుటి టీమోళ్ళు తల పట్టుకుని కూసున్యారు" అన్నాడు.

కువైట్‌లో అతని పేరు ఇంటింటికీ తెలిసింది ఆ రోజుతోనే. బతికిపోయాను అనుకున్నాను. అసలు కష్టాలు అప్పుడు మొదలయ్యాయి.

తర్వాతి మ్యాచ్ రోజు నేను యథాప్రకారం తలుపు చాటుకి జరిగాను. అతను బయటికి వచ్చి, గేటు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, ఇల్లంతా వినపడేలా నా పేరు పెట్టి కేక వేశాడు.

"బకెట్టేది?"

"ఏం బకెట్టు?"

"ఆ రోజు తెచ్చావే, ఎర్రది. బయటికి వెళ్ళి, అది పట్టుకుని లోపలికి రా. నేను ఇటు నుంచి వస్తాను."

అరిచి గీపెట్టినా వినలేదు. పొయ్యి మీద నూనె కాగుతోందన్నాను. కాగనీ అన్నాడు. మామా కూడా మెట్ల మీదికి వచ్చి, వాడికి కావలసిందేదో చేసెయ్యి, ఖలాస్, అంది. చచ్చీ చెడీ బకెట్టు తీసుకుని వీధిలోకి వెళ్ళాను. రెండు ఇళ్ళ అవతల కారు తుడుస్తున్న బెంగాలీ కుర్రాళ్ళు చూస్తున్నారు. లోపలికి నడిచాను. అతను సంతోషంగా నన్ను తప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజూ గెలిచాడు. ఇంకేముంది, అప్పటి నుంచీ నేను అతని మేజోడూ, బనీనూ, తెల్లప్లేటూ సరసన చేరాను.

మొహం చాటేసుకుని బతికినదాన్ని, ప్రతి మ్యాచ్‌కీ బలవంతంగా ఎదురు నడవాల్సి వచ్చింది. అందుకని ఒక ఉపాయం చేశాను. నిండుకుండ ఎదురైతే శుభం కదా, కనీసం ఆ బకెట్టయినా ఖాళీగా ఉండకూడదని, బయటికి వెళ్ళేముందు వంటగది కుళాయి కింద పెట్టి అడుగున దోసెడు నీళ్ళు పట్టేదాన్ని. నా కీడు ఎంతుందో అంతా ఆ నీళ్ళు మోస్తాయని ఏదో పిచ్చి ధైర్యం. అతనికి కనపడకుండా బకెట్టు ఒంటికి దగ్గరగా పట్టుకుని నడిచేదాన్ని.

పక్క దేశంలో ఆడిన ఏళ్ళలోనైనా ఈ బెడద తప్పుతుందని సంబరపడ్డాను. వీడియో కాల్ ఒకటి ఏడ్చింది కదా. మ్యాచ్‌కి ముందు హోటలు గదిలోంచి ఫోన్ చేసేవాడు. మామా హోష్ మధ్యలో ఫోన్ పట్టుకుని నిలబడేది, నేను గేటు దగ్గర్నుంచి బకెట్టుతో ఫోన్‌కి ఎదురు నడిచేదాన్ని. ఒక్కోసారి సిగ్నల్ అందక బొమ్మ ఆగిపోతే, "మళ్ళీ రా" అనేవాడు. మళ్ళీ వీధిలోకి, మళ్ళీ లోపలికి. ఆటేమో అతనిదీ, అలుపేమో నాదీ.

అతను తిరిగొచ్చాక వాళ్ళ నాన్న పోయాడు. మామా వాళ్ళ పద్ధతి ప్రకారం, భర్త పోయిన ఆడది పాటించే గడువు తీరేదాకా ఇల్లు కదలలేదు. గడువు తీరిన తర్వాత మొదటి మ్యాచ్ రోజు తనే గేటు దాకా వచ్చింది. కొడుకు వంగి ఆవిడ నుదురు ముద్దుపెట్టుకుని వెళ్ళాడు. ఎవరూ ఆవిడని పెరట్లోకి వెళ్ళమనలేదు. ఆవిడకే ఆ ఆలోచన రాలేదు. నేను బకెట్టు పట్టుకుని పక్కనే ఉన్నాను. ఆవిడ మీద ఎందుకో తెలియని కోపం వచ్చింది. రెండు రోజులు మాట్లాడితే విసుక్కున్నాను. ఆవిడ నాకు ఒంట్లో బాగాలేదేమో అనుకుని మాత్రలిచ్చింది.

మనిషన్నాక వయసు వస్తుంది. ముందు మోకాలు పోయింది. ఆపరేషన్ చేయించుకుని వచ్చి మళ్ళీ హోష్‌లో రింగు కింద నిలబడ్డాడు. చెయ్యి అలాగే లేచేది, మణికట్టు అలాగే వంగేది, బంతి మాత్రం రింగు ముందంచుకి తగిలి కింద పడేది. నా తీగె దాకా కూడా వచ్చేది కాదు. కోచ్ అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, చివర్లో కాసేపు దింపడం మొదలుపెట్టాడు. దివానియాలో, అంటే ఆ ఇంటి మగవాళ్ళ కొలువు గదిలో, స్నేహితులు కూర్చుని ఇది హసద్ అనేవారు. హసద్ అంటే దిష్టి. టీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఆ మాట నా చెవిన పడింది. ఇన్నాళ్ళూ దోసెడు నీళ్ళు మోసిన కీడు ఇక ఆగక పొంగి పొర్లిందేమో అనిపించింది. బుద్ధికి కాదని తెలుసు. కడుపు వినదు.

ఆ ఏడాది కప్పు ఫైనల్ తన ఆఖరి మ్యాచ్ అని అతనే చెప్పేశాడు. అది ఓడితే అతనికి మరో అవకాశం లేదు. మా ఊళ్ళో అయితే ఓటమికి కారణం వెతకరు. ఎదురు ఎవరొచ్చారని అడుగుతారు.

"భాయ్, ఈసారి నేనెల్లను. జొరమని చెప్పేత్తాను" అన్నాను డ్రైవర్‌తో.

"వద్దు మ్మా. ఆ పిల్లోడికి మేజోడు మారితేనే గుండె ఆగిపోతాది. నువ్వు రాకపోతే ఆడేది కూడా లేదు" అన్నాడాయన.

"మరి ఉన్న మాట చెప్పేత్తాను."

"సెప్పొద్దు. ఇన్నేండ్లు సెప్పనిది ఈ పొద్దు యాల?"

ఆయన మాటే సరైనది. నేను వినలేదు. ఫైనల్ రోజు చప్పిడి కోడి పెట్టి, వంటగదిలో మూల కూర్చుని, తలకి గుడ్డ చుట్టుకున్నాను. హోష్‌లోంచి కేక వినపడింది. పలకలేదు. అతనే వచ్చాడు, ఆట బూట్లతో, నేను అప్పుడే తుడిచిన గచ్చు మీదికి.

"ఏమైంది? లే. టైమైపోతోంది."

"నాకు జొరం."

నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. "లేదు. లే."

అప్పటిదాకా పట్టి ఉంచినదంతా తన్నుకొచ్చింది. "నేను రాను. నీకేం తెలీదు. మా ఊళ్ళో మొగుడు పోయిన ఆడదాన్ని ఎవరూ ఎదురు రానివ్వరు. నా కొడుక్కి కూడా నేను ఎదురెల్లలేదు. నేనొత్తే చెడుద్ది. పైగా ఖాళీ బకెట్టొకటి! అందుకే భయమేసి, ఇన్నాళ్ళూ నీకు తెలీకుండా దాంట్లో నీళ్ళు పోసుకొచ్చేను. నీ మంచికే పోసేను. ఇక నా వల్ల కాదు, నన్నొగ్గెయ్."

అతని మొహం పాలిపోయింది. అయిపోయింది, ఇక పెట్టె సర్దుకోవడమే అనుకున్నాను.

"నీళ్ళు పోశావా?" అన్నాడు.

నేను తలూపాను.

"అన్నిసార్లూ?"

"మొదటిసారి తప్ప, అన్నిసార్లూ."

"ఎంత?"

"ఏంటి ఎంత?"

"ఎంత నీళ్ళు పోశావు? సరిగ్గా చెప్పు!"

నేను నా భర్త చావు సంగతి, నా బతుకంతా తలుపు చాటున గడిచిన సంగతి చెప్తుంటే, ఆ మహానుభావుడి చెవికి ఎక్కింది బకెట్టులో నీళ్ళొకటే. చుట్టుకున్న గుడ్డ తీసి మొహాన కొట్టాలనిపించింది. దోసిలి పట్టి చూపించాను. అతను బకెట్టు తెచ్చి కుళాయి కింద పెట్టి, నా చేతులతోనే నీళ్ళు పట్టించి, లోపలికి తొంగి చూసి, "ఇంతేనా? ఎక్కువ కాలేదు కదా?" అని మళ్ళీ అడిగి, "యల్లా, బయటికి వెళ్ళు" అన్నాడు. వెళ్ళాను. ఏం చెయ్యను? గేటులోంచి లోపలికి వచ్చాను. అతను బకెట్టులోకి ఒకసారి చూసి, తృప్తిగా తలూపి, వెళ్ళిపోయాడు.

మామా పక్కన కింద కూర్చుని ఆ మ్యాచ్ మొత్తం చూశాను. ఎప్పుడూ చూడనిది ఆ రోజే చూశాను. ఆఖర్లో ఇంకొక్కటి రింగులో పడితే మావాళ్ళదే గెలుపు. అతన్ని దింపారు. అందరికీ తెలుసు బంతి ఎవరికి వెళ్తుందో. తనకి ఇష్టమైన మూల నుంచి, గీతకి అవతల నుంచి, లేచాడు. చెయ్యి పైకి వెళ్ళింది, వేళ్ళు వంగాయి. బంతి రింగు మీద ఒక చుట్టు తిరిగి బయటికి పడిపోయింది. అతను చెయ్యి దించలేదు. అవతలివాళ్ళు కేరింతలు కొడుతూ పరుగెడుతున్నా ఆ చెయ్యి అలాగే ఉంది. మామా చున్నీలో మొహం దాచుకుంది. నాకు ఏడుపు రాలేదు.

అతను ఇంటికొచ్చి తిన్నగా మేడెక్కాడు. నేను బకెట్టులో నీళ్ళు పారబోసి దాన్ని నీళ్ళ ట్యాంకు వెనక్కి నెట్టేశాను. ఆ తర్వాత వారాల తరబడి ఇంట్లో ఆ మ్యాచ్ ఊసు లేదు. నాకు మాత్రం పాత అలవాటు తిరిగొచ్చింది. మెట్ల మీద అతని అడుగు వినపడితే తలుపు చాటుకి జరిగిపోయేదాన్ని. నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండటానికిచ్చే అనుమతి, గడువు తీరగానే ఇక పొడిగించవద్దని మామాకి చెప్పేద్దామని తీర్మానించుకున్నాను. ఫహాహీల్‌లో మా ఊరి అమ్మాయి దగ్గరికి వెళ్ళి, తిరిగి వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళడానికి పెద్ద పెట్టె కూడా మాట్లాడి పెట్టుకున్నాను.

ఎండలు తగ్గాక ఒక మధ్యాహ్నం, చందువ ముక్కలు వేయిస్తుంటే బయట కారు హారన్ మోగింది. అతను క్లబ్బులో చిన్నపిల్లలకి ఆట నేర్పడానికి ఒప్పుకున్నాడనీ, ఆ రోజే మొదలనీ పొద్దున్న మామా చెప్పింది. మొదటి రోజు. నేను తలుపు చాటుకి వెళ్ళాను. హారన్ ఆగలేదు. చెవులు చిల్లులు పడుతున్నాయి. పక్కింటి పని అమ్మాయి బాల్కనీలోకి వచ్చి చూస్తోంది. చివరికి మామా మేడ మీంచి అరిచింది. "వెళ్ళు తల్లీ! నువ్వు వెళ్తే తప్ప వాడు కదలడు!"

ట్యాంకు వెనక నుంచి బకెట్టు లాగాను. సాలెగూడు తుడిచి, కుళాయి కింద పెట్టి, దోసెడు నీళ్ళు పట్టాను. వెనక గుమ్మంలోంచి చుట్టూ తిరిగి వీధిలోకి వెళ్ళి, గేటులోకి వచ్చాను. అతను కారు దిగి హోష్ మధ్యలో నిలబడి ఉన్నాడు. మెడలో పిల్లల కోచ్‌లు వేసుకునే విజిల్ ఉంది. బకెట్టు చూసి మొహం చిట్లించాడు.

"అదెందుకు తెచ్చావు?"

"నువ్వేగా ఇన్నాళ్ళూ..."

"ఆ రోజు పనిచెయ్యనిది అదే కదా! అక్కడ పడెయ్. ఇంకెప్పుడూ తేవద్దు." చెయ్యి ఎత్తి, మణికట్టు వంచి, వేళ్ళు కిందికి వాల్చి పిలిచాడు. "నువ్వు రా."

బకెట్టు గోడవార పెట్టాను. చేతులు రెండూ ఏం చెయ్యాలో తెలియక కొంగుకి తుడుచుకున్నాను. ఉత్త చేతులతో అతని ఎదురుగా నడిచాను. నన్ను తప్పుకుని, విజిల్ సర్దుకుంటూ, కారెక్కి వెళ్ళిపోయాడు. థాంక్స్ అనడం ఆ ఇంట్లో అతనికి ఎవరూ నేర్పలేదు.

లోపలికి వచ్చేసరికి చేప ముక్కలు ఒక పక్క బొగ్గయ్యాయి. మామా ముక్కు మూసుకుని కిటికీలు తెరుస్తోంది.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాను. మా అబ్బాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల చేరాలి.

"సెలవు పెట్టి వత్తన్నాను. నేనొచ్చేకే బయల్దేరు. వీధిగుమ్మంలో నీకు ఎదురు నేనే వత్తాను" అన్నాను.

"నాన్నమ్మ ఏమంటాదో అమ్మా" అని నసిగాడు.

"నాన్నమ్మనే పెరట్లో పాలు చూసుకోమను" అన్నాను. "నువ్వు ఏ రోజు బయల్దేరతావో అది చెప్పు ముందు."